కాశ్యప గోత్రపు దొర

సింగపూర్‌లో పాసిర్ రిస్ దాటి సముద్రం వైపు పోతుంటే, చెట్ల మధ్య చిన్న మిట్ట మీద ఒక బంగళా కనిపిస్తుంది. తెల్ల గోడలు, నల్ల దూలాలు, వసారాలకి వెదురు తెరలు... దొరల కాలం నాటిది. పగలు చూస్తే పక్కన నిలబడి ఫొటో దిగాలనిపిస్తుంది. చీకటి పడితే మాత్రం ట్యాక్సీవాళ్ళు ఆ మిట్ట ఎక్కరు. కింద బస్‌స్టాప్ దగ్గరే ఆపేసి, "కెనాట్ లా... యూ వాక్" అంటారు.

అక్కడ ఎవరి పీకా ఎవరూ పిసకలేదు, ఎవరూ ఉరి వేసుకోలేదు. దాని చెడ్డపేరు వేరే రకం. ఆ ఇంట్లోకి వెళ్ళినవాళ్ళు ఓ పట్టాన బయటికి రారు. రంగులు వేయడానికి వెళ్ళిన మనిషి సాయంత్రం దిగాల్సిన మెట్లు తెల్లారి దిగాడట. అద్దెకున్న ఫ్రెంచి దంపతులు ఎయిర్‌పోర్టుకని బయల్దేరి, సూట్‌కేసులు ఈడ్చుకుంటూ ఆ హాల్లోనే తిరిగి తిరిగి విమానం అందుకోలేకపోయారట. ఏం జరిగిందంటే ఎవరూ సరిగ్గా చెప్పరు. "ఎవరో... ఇంకాసేపు ఉండమన్నట్టు అనిపించింది" అంటారు, అంతే.

నేను ఇలాంటివి నమ్మే మనిషిని కాను. చైనావాళ్ళ దెయ్యాల నెలలో మా బ్లాకు కింద కాగితాలు కాలుస్తుంటే, పొగ వస్తోందని కిటికీ మూసుకుంటాను తప్ప ఎన్నడూ జడిసింది లేదు. అందుకే కౌశిక్ ఇది చెప్పినప్పుడు మొదట నవ్వాను. తర్వాత నవ్వు దానంతట అదే ఆగిపోయింది.

కౌశిక్, నిఖిల సెంగ్‌కాంగ్‌లో మా పక్క ఫ్లాట్ వాళ్ళు. కాకినాడ పిల్లలు. నన్ను అరుంధతి ఆంటీ అంటారు... ఈ ఊళ్ళో తల నెరిస్తే చాలు, అందరికీ ఆంటీలమే. మ్యూజియంలో చెవికి తగిలించుకుంటే "ఇప్పుడు మీ ఎడమ పక్కన ఉన్నది..." అని ఒక గొంతు చెబుతుంది చూడండి, ఆ మాటలు రాసే చిన్న కంపెనీలో వాడి ఉద్యోగం. ఆ బంగళాని హోటల్ చేస్తున్నారని, అందులో ఒకప్పుడు ఉన్న దొరగారి జీవితం, వంశ చరిత్ర రాసిపెట్టమని వీడికి అప్పగించారు.

ఆ దొర పేరు సర్ ఆంబ్రోస్ పెల్లింగ్. బారోనెట్.

"బారోనెట్ అంటే ఏమిట్రా?" అన్నాను.

"మన ఊళ్ళల్లో కరణీకం ఉండేది కదా ఆంటీ, తండ్రి తర్వాత కొడుక్కి... ఆల్మోస్ట్ అలాంటిదే. ఉద్యోగం ఏమీ ఉండదు, పేరుకి ముందు సర్ అని తగిలించుకోవడమే."

మొదటి పెల్లింగ్ ఉన్ని వ్యాపారి. యుద్ధంలో రాజుగారికి డబ్బు సర్దితే, రాజుగారు బదులుగా ఈ బిరుదు పడేశాడు. రెండోవాడు పెద్ద ఇల్లు కట్టాడు. మూడోవాడు గుర్రం మీంచి పడి పోయాడు. నాలుగోవాడు పేకాటలో పొలాలు తగలేశాడు. ఐదోవాడు ఇల్లు కూడా అమ్ముకున్నాడు. ఆరోవాడు ఈ ఆంబ్రోస్. వాడికి మిగిలింది పేరు ముందు సర్, తాతముత్తాతల నూనెరంగుల పటాలు. అవి ఓడలో వేసుకుని సింగపూర్ వచ్చి, రేవులో ఉద్యోగం చూసుకుని, ఆ మిట్ట మీద కాపురం పెట్టాడు.

ఒక్కడే కొడుకు. ఏడేళ్ళవాడు సముద్రంలో స్నానానికి దిగి తిరిగి రాలేదు. భార్య ఆ దుఃఖంలో ఓడెక్కి వెళ్ళిపోయింది. ఆ తర్వాత దొరకి ఒక జబ్బు పట్టుకుంది. ఇంటికి ఎవరొచ్చినా భోజనమయ్యాక హాల్లో పటాల ముందు నిలబెట్టి, మొదటివాడి దగ్గర్నుంచి వంశమంతా చెప్పేవాడట. చెప్పడం అయ్యేదాకా పోనిచ్చేవాడు కాదట. తన పటం తర్వాత గోడకి ఒక ఖాళీ కొక్కెం ఉండేది. అక్కడికొచ్చి ఆగిపోయి, మళ్ళీ మొదటికి వెళ్ళేవాడట. పాపం, ఎవరు మాత్రం ఎన్నిసార్లు వింటారు! రానురాను రావడమే మానేశారు.

దొర పోయాక ఇక్కడే పూడ్చారు. తర్వాత ఎప్పుడో ఆ శ్మశానంలో ఫ్లాట్లు కట్టాల్సి వచ్చి సమాధులన్నీ తవ్వారు. మావాళ్ళవని వచ్చినవాళ్ళకి వాళ్ళవాళ్ళని ఇచ్చారు. దొర కోసం ఎవరూ రాలేదు. కాల్చి, ఆ బూడిద సముద్రంలో కలిపేశారు.

"నెలల తరబడి ఆయన గురించే రాస్తున్నా కదా ఆంటీ," అన్నాడు కౌశిక్. "మా నాన్న గురించి కూడా నాకంత తెలీదు."

వాళ్ళ నాన్న పోయి ఏడాది దాటింది. మహాలయ అమావాస్య వచ్చింది. ఆ రోజే బంగళాలో హోటల్‌వాళ్ళకి వీడి పని చూపించాలి, సెలవు లేదు. నిఖిలకి నెలలు నిండుతున్నాయి. సరే, బంగళా వెనక వసారాలో మట్టినేల ఉంది, అక్కడే తర్పణాలు వదిలేద్దామనుకున్నాడు. లిటిల్ ఇండియాలో దర్భలు, నువ్వులు కొన్నాడు. రాజమండ్రి పంతులుగారిని ఫోన్‌లో వీడియోకి పిలిచాడు. ఇక్కడ మధ్యాహ్నం, అక్కడ పంతులుగారు అప్పుడే తడి తల తుడుచుకుంటున్నారట. ఏం చేస్తాం, దేవతలు సర్దుకుంటారని మన నమ్మకం.

తండ్రికి వదిలాడు. తాతకి, ముత్తాతకి వదిలాడు. చివర్లో పంతులుగారు అన్నారు — "ఎవరూ లేనివాళ్ళు, నువ్విస్తేనే గాని గుక్కెడు నీళ్ళు దక్కనివాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పు నాయనా. వాళ్ళకీ వదలొచ్చు."

వసారాలోంచి చూస్తే హాల్లో ఆరో పటం కనిపిస్తోంది. వీడికి జాలేసింది.

"ఆంబ్రోస్ అని ఒకాయన ఉన్నారండీ. గోత్రం... తెలీదు."

"తెలియనివాళ్ళందరికీ కాశ్యప గోత్రమేనయ్యా. కానియ్."

అలా పెల్లింగ్ దొరగారు కాశ్యప గోత్రీకులయ్యారు. బొటనవేలి పక్కనుంచి నువ్వులూ నీళ్ళూ పళ్ళెంలోకి జారాయి... సరిగ్గా అప్పుడే హోటల్‌వాళ్ళ కారు మిట్ట ఎక్కింది. మేనేజరు "కౌశిక్!" అని కేకేశాడు. వీడు కంగారుగా ఫోన్ కట్టేసి, చొక్కా తొడుక్కుంటూ పరిగెత్తాడు.

చూశారా ఏం చేశాడో? పితృదేవతలని పేరుపెట్టి పిలిచాక, లేచే ముందు ఉద్వాసన చెప్పాలి. "మీ మీ స్థానాలకి వెళ్ళి రండి" అని సాగనంపాలి. ఇంటికొచ్చిన చుట్టాన్ని అయినా గుమ్మం దాకా వెళ్ళి పంపుతామే! వీడు పిలిచాడు, పెట్టాడు, పంపలేదు.

సొంతవాళ్ళంటే దారి తెలిసినవాళ్ళు, వాళ్ళే వెళ్ళిపోయి ఉంటారు.

పని అయ్యేసరికి పొద్దు గూకింది. వాన మొదలైంది. అందరూ వెళ్ళిపోయారు. వీడు పళ్ళెం, దర్భలు తీసేద్దామని వెనక వసారాలోకి వెళ్ళాడు. పళ్ళెంలో నీళ్ళు లేవు. నువ్వులూ లేవు. ఒక్క గింజ కూడా లేదు... మైనాలు తినిపోయాయనుకున్నాడు.

సంచి భుజాన వేసుకుని, హాలు దాటి, వీధి తలుపు తీశాడు.

ఎదురుగా — వెనక వసారా.

పొరపాటున వెనక్కే వచ్చానేమో అనుకుని తిరిగాడు. మళ్ళీ హాలు. ఎడమ పక్కన ఉన్ని వ్యాపారి పటం. ఈసారి గోడని చేత్తో తడుముకుంటూ, ఒక్కో పటం దాటుకుంటూ వెళ్ళి తలుపు తీశాడు... వసారా, పళ్ళెం, వాన. పక్క గదిలోంచి వెళ్ళాడు. హాలు. వంటింట్లోంచి వెళ్ళాడు. హాలు. కిటికీ తెర ఎత్తి కాలు అవతల పెట్టాడు — ఆ కాలు హాల్లో నేల మీదే ఆనింది.

ఫోన్ తీసి నిఖిలకి చేశాడు. పోలేదు. మేనేజరుకి చేశాడు, అదీ పోలేదు.

అప్పుడు చూశాడట ఆరో పటం వైపు. వెనక ఎర్ర తెర ఉంది, కింద పేరుంది. మనిషి లేడు.

ఎవరో సన్నగా గొంతు సవరించుకున్నారు.

తడిసిన ఉన్ని కోటు వాసన వచ్చింది. వీడి మోచేతి కింద ఒక చెయ్యి ఆనింది... అతిథిని నడిపించుకెళ్ళేవాళ్ళు మర్యాదగా పట్టుకుంటారే, అలాగ. పక్కకి చూస్తే ఎవరూ లేరు.

"ఇంకాసేపు ఉండు," అంది గొంతు. ఇంగ్లీషులోనే అనుకోండి, మీకు తెలుగులో చెబుతున్నాను. "ఈయన మా వంశానికి మొదటివాడు..."

చెయ్యి నడిపిస్తోంది, కాళ్ళు నడుస్తున్నాయి. ఉన్ని వ్యాపారి, ఇల్లు కట్టినవాడు, గుర్రం మీంచి పడినవాడు. వీడు రాసిన మాటలే, వరస తప్పకుండా. ఆరో పటం కూడా అయ్యింది. ఖాళీ కొక్కెం ముందు ఆగారు.

"తర్వాత?" అంది గొంతు.

చెయ్యి మెల్లగా వెనక్కి తిప్పింది. "ఈయన మా వంశానికి మొదటివాడు..."

ఎన్నిసార్లు తిరిగాడో వాడికే తెలీదు. కాళ్ళు లాగేస్తున్నాయి. ప్రతిసారీ ఆ కొక్కెం దగ్గర "తర్వాత?" అనడం, ఇంకొంచెం ఎక్కువసేపు ఆగడం. వీడి పేరు కోసం ఎదురుచూస్తోందని అర్థమైంది. చెబితే ఇక ఆ గోడకే ఉండిపోతానని కూడా అర్థమైంది.

"నన్ను వదిలెయ్యండి... ప్లీజ్," అన్నాడు. "తప్పైపోయింది."

"తప్పేముంది?" గొంతులో కోపం లేదు. అదే వీడికి ఎక్కువ భయమేసింది. "ఎవరూ పిలవలేదు ఇన్నాళ్ళూ. నువ్వు పేరుపెట్టి పిలిచావు. నీళ్ళిచ్చావు. సొంతవాళ్ళు తప్ప ఎవరిస్తారు?"

అప్పుడు మోగింది వాడి ఫోను.

ఈ ముక్క నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, ఎందుకంటే చేసింది నేనే. రసం ఇద్దామని వాళ్ళింటికి వెళ్తే, నిఖిల వంటింటి గట్టు పట్టుకుని వంగిపోయి ఉంది. ఇంకా నెల ఉందనగా నొప్పులు వచ్చేశాయి. ఉమ్మనీరు పోయింది. అంబులెన్సుకి చెప్పి, వీడికి చేశాను.

"ఒరే, ఎక్కడ చచ్చావురా? నిఖిలకి నొప్పులొచ్చేశాయి. తిన్నగా ఆస్పత్రికి వచ్చెయ్."

నిఖిల ఫోన్ లాక్కుంది. "కౌశిక్... నాకు భయంగా ఉంది. ఏదోలా ఉంది. నువ్వు రా." ఆ పిల్ల గొంతు వింటే రాయి కూడా కదులుతుంది.

వీడు ఏడ్చేశాడట అక్కడ. ఏడుస్తూనే ఉద్వాసన గుర్తొచ్చింది. చేతులు జోడించి, వచ్చినంత మంత్రం చదివి, "మీ స్థానానికి వెళ్ళి రండి సర్... దయచేసి వెళ్ళి రండి" అన్నాడు.

"ఎక్కడికి?"

"మీ... మీ స్థానానికి."

"ఎక్కడుంది అది?"

రాసింది వీడే కదా! ఇంగ్లండులో ఇల్లు అమ్ముడైపోయింది. సమాధి మీద ఫ్లాట్లు లేచాయి. బూడిద సముద్రంలో పోయింది. ఎక్కడికని పంపుతాడు? పోయే చోటు ఉన్నవాడైతే ఇన్నేళ్ళు ఆ హాల్లో ఎందుకు తిరుగుతాడు?

ఫోన్ ఇంకా ఆన్‌లోనే ఉంది. నిఖిల కేక పెట్టింది. నేను ఫోన్ తీసుకున్నాను. అప్పుడు వినిపించింది నాకు, వాడు ఎవరితోనో ఇంగ్లీషులో గుసగుసగా అనడం — "మా ఇంటికి రండి. ఒక గది ఖాళీగా ఉంది."

ట్యాక్సీవాడితో ఏమిటీ పిచ్చిమాటలు అనుకున్నాను నేను.

మోచేతి కింద చెయ్యి వదిలేసింది. వీధి తలుపు దానంతట అదే తెరుచుకుంది. బయట మెట్లు, వాన, కింద బస్‌స్టాప్ దీపం. వీడు ఆ మిట్ట మీంచి ఎలా దిగాడో దేవుడికే తెలియాలి. ఆస్పత్రికి వచ్చేసరికి ఒక కాలికి చెప్పు లేదు, మోకాళ్ళ దాకా బురద.

తల్లీబిడ్డా క్షేమం. ఆడపిల్ల. చిన్నదే గాని గట్టిపిండం. వాడి చేతిలో పెడితే అందరూ తండ్రి ఆనందబాష్పాలనుకున్నారు. నవ్వుతున్నాడు, ఏడుస్తున్నాడు, "ఆడపిల్ల ఆంటీ, ఆడపిల్ల" అని మళ్ళీ మళ్ళీ అంటున్నాడు. కొడుకు కోసం మొహం వేలాడేసే మగవాళ్ళని చూశాను గాని, ఇంత సంబరం చూడలేదు.

సంగతంతా బారసాల రోజున చెప్పాడు. నేను పసిదాన్ని ఒళ్ళో వేసుకుని కూర్చున్నాను. పసిదానికని సర్దిన చిన్న గది తలుపు మూసి ఉంది. ఉయ్యాల మాత్రం హాల్లో వేశారు, ఇరుగ్గా. ఎందుకురా అని అడిగితే, ఇదిగో, ఇదంతా చెప్పుకొచ్చాడు.

"ఇంతకీ వచ్చాడా మీ దొర?" అన్నాను వేళాకోళంగా.

"ఆ గదిలో... తడి కోటు వాసన వస్తుంది ఆంటీ, అప్పుడప్పుడు. నిఖిలకి చెప్పలేదు." నవ్వాడు. "కానీ నో ప్రాబ్లెమ్. బారోనెట్ బిరుదు ఆడపిల్లలకి పోదు. కొడుకు పుడితే పట్టుకునేవాడేమో. ఇప్పుడేం చేస్తాడు? కొన్నాళ్ళు చూసి ఆయనే వెళ్ళిపోతాడు."

పంతులుగారు లాప్‌టాప్‌లో ఉన్నారు. చెప్పుల అలమార మీద పెట్టారు ఆయన్ని. నామకరణం అయ్యింది, ఆశీర్వచనం అయ్యింది. ఆయన కట్టేయబోతుంటే కౌశిక్ గొంతు తగ్గించి అడిగాడు — "ఒక డౌటండీ. ఉద్వాసన చెప్పకుండా లేచిపోతే ఏమవుతుంది? అదే, ఆ రోజు... ఆంబ్రోస్ గారికి."

"అయ్యో, చెప్పలేదా! తర్వాతైనా పంపలేకపోయావా?"

"పంపితే... వెళ్ళే చోటు లేదన్నారు. ఇంటికి రమ్మన్నాను."

పంతులుగారు నవ్వలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"భయం లేదండీ," అన్నాడు వీడే, తొందరతొందరగా. "వాళ్ళ వంశంలో ఆడపిల్లతో ఆగిపోతుంది. ఇక్కడ ఆయనకేం పని ఉండదు."

"వాళ్ళ వంశం ఏమిటయ్యా ఇంకా?" అన్నారు పంతులుగారు మెల్లగా. "గోత్రం ఇచ్చావు. నీళ్ళిచ్చావు. ఇంట్లో చోటిచ్చావు. ఆయన మనవాడైపోయాడు. మనకి కొడుకే ఉండాలని ఎక్కడుంది? కూతురి కొడుకు, దౌహిత్రుడు తర్పణం వదిలినా చాలు, తరిస్తారు. అంతదాకా ఉంటారు. వాళ్ళకి తొందరేముంటుంది నాయనా?"

కౌశిక్ నా ఒళ్ళో ఉన్న పసిదాన్నే చూస్తున్నాడు.

ఆ చిన్న గదిలో ఎవరూ లేరు. నేను ప్రమాణం చేస్తాను, లేరు. అందరం హాల్లోనే ఉన్నాం. ఆ గదిలో ఉన్నవల్లా విప్పని డైపర్ల పెట్టెలు, పాలివ్వడానికి ఉంటుందని నిఖిల కొనుక్కున్న వాలుకుర్చీ.

మూసిన తలుపు వెనక, ఆ కుర్చీ కిర్రుమంది. చాలాకాలం ఉండాల్సినవాళ్ళు సర్దుకుని కూర్చున్నట్టు... నెమ్మదిగా వెనక్కి వాలింది.